నిద్రలో కేకలు, తెల్లవారుజామున ఆయాసం

ప్రశ్న: మావారికి 66 ఏళ్లు. రిటైరైన లెక్కల మాస్టారు. ఆరేళ్లుగా పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) ఉంది. దానికి వాడే సిండోపా మాత్రల్లో ఆఖరిది రాత్రి 8 గంటలకు వేసుకుంటారు. అర్ధరాత్రి దాటాక నిద్రలోనే కేకలు పెడుతూ కాళ్లూ చేతులూ విసురుతారు. మొన్న మంచం మీంచి పడిపోయారు. గురక మధ్యలో ఊపిరి ఆగినట్టుంటుంది. తెల్లవారుజామున ‘ఊపిరాడట్లేదే’ అంటూ లేస్తారు. గుండె పరీక్షలన్నీ బాగున్నాయి. తెలిసినవాళ్లు నిద్రమాత్ర వెయ్యమంటున్నారు. వెయ్యొచ్చా?
– ఒక పాఠకురాలు, నరసరావుపేట

జవాబు: ఇప్పుడే వెయ్యకండమ్మా. గురక మధ్యలో ఊపిరి ఆగుతోందన్నారు కదా, అది స్లీప్ ఆప్నియా కావచ్చు. అదే అయితే కొన్ని నిద్రమాత్రలు దాన్ని ఇంకా పెంచుతాయి. ముందు స్లీప్ స్టడీ చేయించండి. ఒక రాత్రి పడుకోబెట్టి తలకు, ఛాతీకి, ముక్కు దగ్గర వైర్లు పెట్టి చూస్తారు. నొప్పేమీ ఉండదు. ఆప్నియా తేలితే సీప్యాప్ మిషన్ (మాస్కు ద్వారా గాలి పంపి ఊపిరి దారి మూసుకుపోకుండా చూసేది) పెట్టుకోమనవచ్చు.

కేకల సంగతి వేరు. కలలొచ్చే నిద్రలో మామూలుగా మెదడు ఒంటిని కదలనివ్వదు. పార్కిన్సన్స్‌లో ఆ పట్టు సడలి, కలలో చేసేదే మంచం మీదా చేస్తారు. చెయ్యి మీకు తగిలినా అది ఆయన తెలిసి చేసింది కాదు. వణుకు రాకముందు కూడా ఇలా ఉండేదేమో గుర్తు చేసుకోండి. చాలామందిలో ఇదే ఏళ్ల ముందు మొదలవుతుంది. దీనికి మెలటోనిన్ లాంటి మందులున్నాయి. ఏది, ఎంత అన్నది స్లీప్ స్టడీ చూశాక న్యూరాలజిస్టు చెబుతారు. ఈలోగా ఎత్తు తక్కువ మంచం వెయ్యండి, పక్కన స్టూలు, గాజు గ్లాసు ఉంచకండి. మీరు వేరే మంచం మీద పడుకోండి. మీ నిద్ర కూడా ముఖ్యమే.

తెల్లవారుజాము ఆయాసం గురించి నాకున్న అనుమానం వేరు. 8 గంటల మాత్ర బలం అప్పటికి ఎప్పుడో అయిపోతుంది. కాళ్లూ చేతుల్లాగే ఛాతీ కండరాలూ బిగుసుకుంటాయి, ఊపిరి నిండా అందదు. పక్కకు తిరగడమూ కష్టమవుతుంది. ఒక వారం పాటు కాగితం మీద రాయండి: ఆయాసం ఎన్నింటికి వచ్చింది, పొద్దుటి మాత్ర ఎప్పుడు వేశారు, ఎంతసేపటికి తగ్గింది. మాత్ర పనిచెయ్యగానే తేలిక పడుతున్నారంటే కారణం చాలావరకు ఇదే. రాత్రికి నెమ్మదిగా పనిచేసే మాత్ర ఇవ్వడం లాంటి మార్పులు డాక్టరు చేస్తారు. మీ అంతట మీరు డోసు మార్చకండి, ఆపకండి. తిరగడానికి వీలుగా నడుము కింద మాత్రం నున్నటి పట్టుగుడ్డ పరవండి. మడమల దగ్గర నూలు దుప్పటే ఉండాలి, లేకపోతే కాలికి పట్టు దొరకదు.

అన్నం తింటుంటే పొలమారడం, దగ్గు, జ్వరం ఉంటే మాత్రం ఆగకండి, న్యుమోనియా కావచ్చు. ఊపిరి పీల్చేటప్పుడు గొంతులో కీచుమన్నా వెంటనే చూపించండి. రాత్రి కదలికల్నీ గురకనీ ఫోన్‌లో వీడియో తీసి తీసుకెళ్లండి.

మొన్న పడినప్పుడు తలకు తగిలిందో లేదో మీరు రాయలేదు. తగిలి ఉంటే, ముఖ్యంగా రక్తం పలచబరిచే మందులు వాడుతుంటే, ఇవాళే చూపించండి.