క్లినిక్‌లో మిల్లింగ్ మెషీన్: తడిదా, పొడిదా?

డాక్టర్ గారూ, రెండు కుర్చీల క్లినిక్‌కి కృత్రిమ పళ్లు కోసే మిల్లింగ్ మెషీన్లలో తడిది (నీళ్లు పడుతుండగా కోసేది) మంచిదా, పొడిదా, రెండూ చేసేదా అని అడిగారు. ముందు పళ్లు చేసిచ్చే ల్యాబ్‌ గత మూడు నెలల బిల్లులు తీసి చూడండి, సగం జవాబు అక్కడే దొరుకుతుంది.

మీకు ఎక్కువగా వచ్చేవి ఒంటి క్రౌన్లూ (పంటి తొడుగులు), ఇన్లేలూ (పంటి గుంతలో అతికించే ముక్కలు) అన్నారు. వాటికి లిథియం డైసిలికేట్ సరిపోతుంది. అది గాజు జాతి పదార్థం కాబట్టి నీళ్లు పడుతుండగానే అరగదీయాలి. మెషీన్‌లోంచి నీలి రంగులో బయటికొస్తుంది. ఫర్నేస్‌లో దాదాపు 840 డిగ్రీల దగ్గర కాలాక పంటి రంగు తేలుతుంది. పేషెంట్ అదే పూట పన్ను పెట్టించుకుని ఇంటికెళ్తారు. అందుకే మీకు నాలుగు యాక్సిస్‌ల (నాలుగు అక్షాల మీద కదిలే) తడి మెషీన్ చాలు.

జిర్కోనియా సంగతి వేరు. అది సాధారణంగా పొడిగా కోసే గట్టి సిరామిక్. కాల్చాక 20 శాతానికి పైగా కుంచించుకుపోతుంది, ఆ లెక్కన పెద్దదిగా కోయాలి. 1500 డిగ్రీల దాకా వెళ్లే వేరే ఫర్నేస్, కోసేటప్పుడు రేగే ధూళిని లాగే సక్షన్ కూడా కావాలి. అందుకే బ్రిడ్జిలు (కొన్ని పళ్లు కలిపి ఒకే ముక్కగా చేసేవి) ల్యాబ్‌కే పంపండి.

రెండూ చేసే మెషీన్ నేను వాడాను. తడి పని అయ్యాక లోపల సరిగ్గా ఆరకపోతే జిర్కోనియా పొడి సున్నపు ముద్దలా మూలమూలా పట్టేస్తుంది. శుభ్రం చేసేసరికి అసిస్టెంట్‌కి ప్రాణం విసిగిపోయేది.

డెమోలో అమ్మేవాళ్ల మోడల్ వద్దు, మీ సొంత స్కాన్ ఫైల్ ఇచ్చి కోయించండి. వచ్చిన క్రౌన్‌ని డై (మీ పేషెంట్ పంటి నమూనా) మీద కూర్చోబెట్టి మార్జిన్ (క్రౌన్ అంచు) చుట్టూ ప్రోబ్ (సన్నటి మొన ఉన్న పరికరం) తిప్పండి. ఎక్కడైనా తట్టుకుంటే ఆ మెషీన్ వదిలేయండి. బర్ (మెషీన్‌లో అరగదీసే పనిముట్టు) ధర, ఒక్కోటి ఎన్ని క్రౌన్లకి వస్తుందో కాగితం మీద రాయించుకోండి.