పార్సీలు ఎందుకు తగ్గిపోతున్నారని అడిగారు, నేను చూసిన ఒక ఇంటి సంగతి చెబుతాను

"బాగా చదువుకున్నవాళ్లు, ఉన్నవాళ్లు, ఎవరి జోలికీ పోనివాళ్లు. అయినా పార్సీల జనాభా ఇలా ఎందుకు పడిపోతోంది? పిల్లల్ని కనడం ఇష్టం లేకనా?" అని అడిగారు.

పార్సీలంటే వెయ్యేళ్లకు పైగా కిందట ఇరాన్ నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ, నిప్పును పవిత్రంగా చూసే జొరాస్ట్రియన్ మతం వాళ్లు. మీరన్నది కొంత ఉందండీ. కానీ పుట్టిన పిల్లల్ని లెక్కలోంచి తీసేయడం కూడా ఉంది. నన్నడిగితే రెండోదే పెద్ద దెబ్బ అంటాను. ఎందుకంటున్నానో తెలియాలంటే ఒక ఇంటి గురించి చెప్పాలి.

మాది సిరిసిల్ల దగ్గర, పద్మశాలీలం. నాకు మూడేళ్లప్పుడు నాన్న పవర్‌లూమ్ పని కోసం మమ్మల్ని తీసుకుని గుజరాత్ వెళ్లాడు. సూరత్‌లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో చాలామందికి తెలుసు, మా చుట్టాల్లో సగం మంది అక్కడే. మేం ఉన్నది మాత్రం సూరత్‌కి రైల్లో దగ్గరగా ఉండే ఇంకో ఊరు. ఆ ఊరి పేరు చెప్పను. అక్కడ పార్సీల పాత వీధి ఒకటి ఉండేది. కొయ్య మేడలు, సన్నగా పొడుగ్గా వెనక్కి పోయే ఇళ్లు. నా చిన్నప్పుడు పదకొండు ఇళ్లలో మనుషులు ఉండేవాళ్లు. మేం తిరిగొచ్చేసేనాటికి మూడిళ్లలోనే దీపం వెలిగేది. మిగతావాటికి తాళాలు. ఆ తాళాలకు పట్టిన తుప్పు కూడా గుర్తుంది నాకు, బడికి పోతూ వాటిని వేలితో గీకేవాణ్ణి.

అమ్మ ఆ వీధిలో ఒకే ఇంట్లో పదహారేళ్లు పనిచేసింది. ఆ ఇంట్లో ముగ్గురు తోబుట్టువులు, ముగ్గురూ పెద్దవాళ్లే. అక్కకు పెళ్లి కాలేదు. టీచరుగా చేసింది, తగిన సంబంధం దొరకలేదు, వయసు దాటిపోయింది. తమ్ముడికీ కాలేదు. మధ్యలో ఆవిడ ఒక్కదానికే అయింది, భర్త పోయాక ఇద్దరు పిల్లలతో పుట్టింటికే వచ్చేసింది. అమ్మ ఆవిడను బాయి అనేది, నేను మాసీ అనేవాణ్ణి. ఆవిడ నన్ను దీక్రా, అంటే కొడుకా, అని పిలిచేది.

ఆ ఇంట్లో అన్నింటి మీదా గుడ్డు కొట్టి పోసేవాళ్లు. బెండకాయ వేపుడు మీద కూడా గుడ్డే! మొదట్లో అమ్మ ముక్కు మూసుకునేది, తర్వాత మా ఇంట్లోనూ అదే మొదలుపెట్టింది. పుట్టినరోజు వస్తే సేమియా, తియ్య పెరుగు. పొద్దున్నే గడప ముందు ముగ్గు తప్పనిసరి. మనలా చేత్తో లాగరు. చిల్లులున్న రేకు డబ్బాలో ముగ్గుపిండి పోసి నేలకు అద్దుతారు, చేపలు, పువ్వులు అచ్చు పడతాయి. "గిది ముగ్గేనా బాయి, అచ్చు గుద్దుడు" అని అమ్మ తన తెలుగు, గుజరాతీ కలిపి వాదించేది. ఆవిడ నవ్వి డబ్బా అమ్మ చేతికిచ్చి నువ్వే వెయ్యి అనేది.

పెద్దక్కావిడ కుస్తీ నేసేది. కుస్తీ అంటే వాళ్లు నడుముకు కట్టుకునే పవిత్రమైన దారం. గొర్రె ఉన్నితో, సరిగ్గా 72 పోగులతో చిన్న మగ్గం మీద నేస్తారు. వాళ్ల 'యస్న' ప్రార్థనకు 72 అధ్యాయాలట, అందుకు ఆ లెక్క. పూజారుల కుటుంబాల ఆడవాళ్లు నేయడం ఆనవాయితీ. నాన్న ఒకసారి నన్ను పిలవడానికి వచ్చి ఆ మగ్గం ముందు గంటసేపు కూర్చుండిపోయాడు. రోజుకు పన్నెండు గంటలు మరమగ్గం మోత వినే మనిషి. నేసింది గొట్టంలా ఉంటుంది, దాన్ని లోపలి నుంచి బయటికి తిప్పేస్తారు. ఆవిడ అలా తిప్పుతుంటే నాన్న "ఈ పని మా తాతకు సూపెట్టాల్సింది" అన్నాడు.

ఇప్పుడు ఆ ఇంటి లెక్క చూడండి. ముగ్గురు తోబుట్టువులు, ఒక్క పెళ్లి, ఇద్దరు పిల్లలు. బాయి కొడుకు కెనడా వెళ్లి అక్కడి అమ్మాయిని చేసుకున్నాడు. కూతురు వడోదరలో చదివి, తనతో చదివిన గుజరాతీ హిందూ అబ్బాయిని చేసుకుంది. మతం మార్చుకోలేదు. స్పెషల్ మ్యారేజ్ యాక్ట్ కింద రిజిస్టర్ చేయించుకున్నారు. కొడుక్కు ఒక బాబు, కూతురికి ఇద్దరు పిల్లలు. కొడుకు తన బాబును తొమ్మిదో ఏట తీసుకొచ్చి మా ఊళ్లోనే నవ్‌జోత్ చేయించాడు. అంటే ఆ సుద్రే అనే తెల్ల చొక్కా తొడిగి, కుస్తీ కట్టి, మతంలోకి తీసుకునే వేడుక. నేను అప్పుడు బూందీ పొట్లాలు పంచాను. కూతురి పిల్లలకు మాత్రం కుదరదన్నారు. అంతే. మూడో తరంలో ముగ్గురు పిల్లలుంటే లెక్కలోకి వచ్చింది ఒక్కడు.

2003 వానాకాలంలో బాయి పోయింది. వారం ముందే ఒంట్లో బాగోలేదని కబురు వెళ్లడంతో కొడుకు, మనవడు వచ్చి ఉన్నారు. కూతురు నెలరోజులుగా ఇక్కడే ఉండి ఆస్పత్రిలో తల్లికి మూత్రం గిన్నె పెట్టడం దగ్గర్నుంచి అన్నీ తనే చేసింది. శవాన్ని ఊరి బయట దఖ్మా పక్కనున్న ప్రార్థన గదికి తీసుకెళ్లారు. దఖ్మా అంటే వాళ్లు శవాలను పక్షులకు వదిలే గుండ్రటి కట్టడం. పార్సీలు కానివాళ్లు లోపలికి పోకూడదు, బయట బల్లల మీద కూర్చోవాలి. అది మాకు తెలిసిందే, మాకేం బాధ లేదు, ఎవరి ఆచారం వాళ్లది. అమ్మా, నేనూ, పాలవాడూ, ఎదురింటి డాక్టరుగారూ బల్ల మీద కూర్చున్నాం. కాసేపటికి కూతురు వచ్చి అమ్మ పక్కన కూర్చుంది.

ఏదో మరిచిపోయి బయటికొచ్చిందనుకున్నాం. "నన్ను ఇక్కడే ఉండమన్నారు" అంది. అంతే, ఇంకేం మాట్లాడలేదు. చీర కింద సుద్రే కట్టుకునే ఉంది, మెడ దగ్గర తెల్ల అంచు కనిపిస్తోంది. నడుముకు పెద్దమ్మ నేసిన కుస్తీయే. లోపల మంత్రాలు మొదలయ్యాయి. ఈవిడ పెదవులు కదులుతూనే ఉన్నాయి, ప్రతి మాటా వచ్చు ఆవిడకు. ఆచారం ప్రకారం కుక్కను తీసుకొచ్చి శవానికి చూపించి తీసుకెళ్లారు. ఆ కుక్క మా బల్ల పక్కనుంచే లోపలికి పోయింది. అప్పుడు అమ్మ నా వైపు తిరిగి "గిదేం న్యాయం బిడ్డా, కుక్క పోవచ్చు, కన్నబిడ్డ పోవద్దా?" అంది. నేను ఏం చెప్పగలను?

తర్వాత బయల్దేరారు. తెల్లబట్టల మోసేవాళ్లు ముందు, వెనక జనం. ఎవరూ ఒంటరిగా నడవకూడదు, ఇద్దరిద్దరు జంటగా, మధ్యలో ఒక తెల్ల చేతిరుమాలు చెరో కొసా పట్టుకుని నడవాలి. కెనడా నుంచి వచ్చిన ఆ పన్నెండేళ్ల బాబు వాళ్ల నాన్నతో కలిసి రుమాలు పట్టుకుని మా ముందు నుంచే పోయాడు. కూతురు లేచి నిలబడి తన రుమాలు తీసింది. రెండో కొస పట్టుకునేవాళ్లు లేరు. అమ్మ కొంగు నడుముకు దోపుకుని లేచి ఆ కొస పట్టుకుంది. ఇద్దరూ బయటి కంచె పక్కనుంచి, ఆ వరసతో సమానంగా, గేటు దాకా నడిచారు. ఆ దఖ్మాను చూసుకునే పార్సీ ట్రస్టు మనిషి ఎవరో చూశాడు గానీ ఏమీ అనలేదు. గేటు దగ్గర ఆగిపోయారు. వరస లోపలికి పోయింది.

మా అమ్మ అంతకుముందు వరకు "ఆడపిల్ల ఆడి పిల్లే గానీ ఈడి పిల్ల కాదు" అని మా అక్కను అనేది. ఆ రోజు తర్వాత ఆ మాట అమ్మ నోట నేను వినలేదు.

ఇక్కడ ఒక మాట. దఖ్మా గురించి రాసినప్పుడల్లా కింద కామెంట్లలో "ఛీ, శవాలను పక్షులకు వేస్తారా" అంటారు. నేలను, నీటిని, నిప్పును మైల పరచకూడదన్న నమ్మకం అది. దయచేసి అలా రాయకండి. పైగా ఆ రోజు ఆకాశంలో ఒక్క రాబందు లేదు. పశువులకు ఇచ్చే డైక్లోఫెనాక్ మందు వాటి కిడ్నీలను పాడుచేసి దేశంలో రాబందులన్నింటినీ దాదాపు తుడిచిపెట్టేసింది. 2006లో పశువైద్యంలో ఆ మందు నిషేధించారు, అప్పటికే చేయి దాటిపోయింది. హైదరాబాద్ స్నేహితుల గురించి కూడా చెప్పాలి. పార్సీలంటే ఇరానీ హోటల్ వాళ్లేగా అంటారు. ఇక్కడి ఇరానీ హోటళ్లు చాలావరకు ఇరాన్ నుంచి వచ్చిన ముస్లింలు పెట్టినవి. సికింద్రాబాద్‌లో పార్సీగుట్ట అనే పేరు ఎందుకొచ్చిందో రోజూ ఆ దారిన పోయేవాళ్లకే తెలియదు. అక్కడున్న దఖ్మా వల్లే వచ్చింది.

సరే, జనాభా లెక్కలకు వస్తే, 1941లో 1,14,890 మంది. దేశం విడిపోయి కరాచీ వాళ్లు అటు పోయాక కూడా 1951లో 1,11,791. 2001కి 69,601. 2011కి 57,264. చివరి పదేళ్లలోనే పన్నెండు వేలు తగ్గారు. పెళ్లిళ్లు ఆలస్యం కావడం, చాలామంది అసలు చేసుకోకపోవడం, ఒక్కరితో ఆపేయడం, విదేశాలకు పోవడం, ఇవే కారణాలని చదువుకున్నవాళ్లు చెబుతారు. కాదనను, ఆ ఇంట్లో ఇద్దరు పెళ్లికానివాళ్లను నేనే చూశాను. కానీ ఉన్నదే గుప్పెడు జనం అయినప్పుడు బయట పెళ్లిళ్లు జరగక మానవు. అలాంటప్పుడు కూతుళ్ల పిల్లలనందరినీ తీసేస్తుంటే గుప్పెడు ఎంతకాలం నిలుస్తుంది?

కొడుకు పిల్లలు పార్సీలు, కూతురి పిల్లలు కారు అన్న ఈ పద్ధతికి ఒక కోర్టు తీర్పు బలం కూడా దొరికింది. ఆర్.డి. టాటా సుజాన్ బ్రియేర్ అనే ఫ్రెంచి ఆవిడను పెళ్లి చేసుకున్నాడు. ఆవిడను పార్సీగా ఒప్పుకోవాలా అన్న గొడవ బొంబాయి హైకోర్టుకు పోయింది. 1908లో దావర్, బీమన్ అనే ఇద్దరు జడ్జీలు తీర్పు ఇచ్చారు. తండ్రి పార్సీ అయి, పిల్లలను మతంలోకి తీసుకుంటే వాళ్లు పార్సీలేనని అందులో ఉంది. ఆ ఫ్రెంచి ఆవిడ కొడుకే జె.ఆర్.డి. టాటా. ఆయన్ను పార్సీ కాదని ఎవరైనా అన్నారా? మరి తల్లి వైపు రక్తం ఎందుకు పనికిరాదు?

వల్సాడ్‌లో పెరిగిన గూల్‌రుఖ్ గుప్తా ఇదే విషయం మీద కోర్టుకు వెళ్లింది. హిందువును పెళ్లి చేసుకున్నా తాను పార్సీనేనని, తల్లిదండ్రులు పోతే అంత్యక్రియల్లో కూర్చోనివ్వాలని. 2012లో గుజరాత్ హైకోర్టు, పెళ్లితో ఆవిడ భర్త మతంలోకి పోయినట్టే అంది. సుప్రీంకోర్టులో 2017 డిసెంబరులో వల్సాడ్ పార్సీ ట్రస్టు ఆవిడను అంత్యక్రియలకు రానిస్తామని ఒప్పుకుంది. ఆ వార్త చదివిన రోజు అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "పద్నాలుగేండ్లు లేటైంది" అంది.

కేంద్ర ప్రభుత్వం 2013లో 'జియో పార్సీ' పథకం పెట్టింది. పిల్లలు లేని జంటలకు వైద్యానికి డబ్బిస్తారు. దాని వల్ల 400 మందికి పైగా పిల్లలు పుట్టారు. అది మంచి పనే, ఆ తల్లుల సంతోషం చిన్నది కాదు. ఆ పథకం కోసం చేసిన ప్రకటనల మీద మాత్రం పార్సీ అమ్మాయిలే మండిపడ్డారు, నాకూ నచ్చలేదు. జనాభా అనగానే అందరి కళ్లూ ఆడవాళ్ల కడుపు మీదకే పోతాయి. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఇప్పుడు అదే మాట వినిపిస్తోంది. 2024లో స్థానిక ఎన్నికలకు ఇద్దరు పిల్లల నిబంధన తీసేశారు, ఎక్కువ మందిని కనమంటున్నారు. కనేవాళ్ల ఉద్యోగం సంగతి, ఇంటి అద్దె సంగతి అడిగే నాథుడు లేడు.

తలుపు తెరిస్తే పార్సీల కోసం కట్టిన ఇళ్లు, ట్రస్టు ఆస్తులు, అగ్ని ఆలయాలు పరాయివాళ్ల చేతుల్లోకి పోతాయని వాళ్ల పెద్దల భయం. వెయ్యేళ్లకు పైగా పరాయి దేశంలో నిప్పు ఆరకుండా కాపాడుకున్నవాళ్లకు ఆ భయం ఉండటం నాకు అర్థమవుతుంది. కానీ కెనడా తల్లికి పుట్టిన బాబు అదే తలుపులోంచి లోపలికి పోయాడు, ఏమీ కూలిపోలేదు. వడోదరలో పెరిగిన ఇద్దరు పోతే ఏం కూలిపోయేది?

బాయి పోయాక ఇల్లు ఖాళీ చేస్తూ కూతురు ఆ ముగ్గు డబ్బా అమ్మకిచ్చింది. ఇప్పుడది సికింద్రాబాద్‌లో మా ఇంట్లో ఉంది. మొన్న ఆగస్టులో, వాళ్ల కొత్త సంవత్సరానికి రెండు రోజుల ముందు, బాయి మనవరాలు అమ్మకు వీడియో కాల్ చేసింది. ఆన్‌లైన్‌లో అలాంటి డబ్బా ఒకటి కొనుక్కుందట. "గడప దగ్గర మా నానమ్మ చేపలను ఎటు తిప్పి వేసేది?" అని అడిగింది. వాళ్లకు అమ్మమ్మ కదా అని నేననబోతే అమ్మ నన్ను ఆపి, డబ్బా తెచ్చి ఫోన్ ముందు పెట్టి చూపించింది. తలలు లోపలికి, తోకలు వీధి వైపుకు.