పక్షుల కబుర్లు ఉచితం, కార్డు మాత్రం జేబులోనే ఉంచండి

కొత్తగా వచ్చినవాళ్లు తరచూ అడుగుతుంటారు: పక్షుల, అడవి జంతువుల సంరక్షణ వార్తలు ఈమెయిల్‌కు రావాలంటే ఎంత కట్టాలి అని. పైసా కట్టనక్కర్లేదు. సంరక్షణ సంస్థల్లో సభ్యత్వం వేరు, వాళ్లు ఈమెయిల్‌లో పంపే న్యూస్‌లెటర్ వేరు. మొదటిదానికి డబ్బు, రెండోదానికి ఈమెయిల్ అడ్రసు చాలు. ఈ తేడా తెలియక మొదటి నెలలోనే కార్డు నంబరు ఇచ్చేయని పాతకాపులు మనలో తక్కువే. మీరైనా జాగ్రత్తపడండి.

అడ్రసు ఇచ్చేటప్పుడు, జీమెయిల్ అయితే, మీ పేరు తర్వాత, @ గుర్తుకు ముందు, ప్లస్ గుర్తు పెట్టి ఏదో ఒక మాట ఇంగ్లిషు అక్షరాల్లో తగిలించండి. ఉత్తరం మీ పెట్టెకే వస్తుంది. ఆ అడ్రసుకు ఫిల్టరు పెట్టి వేరే లేబుల్ కిందికి పంపేస్తే ఆఫీసు, వీసా ఉత్తరాల మధ్య కొంగలూ పులులూ దూరవు. కొన్ని ఫారాలు ప్లస్ గుర్తును ఒప్పుకోవు. వాటికి మామూలు అడ్రసే ఇవ్వాలి. చేరాక చాలా సంస్థలు "మీరేనా?" అని ఒక ఉత్తరం పంపుతాయి. అందులోని లింకు నొక్కకపోతే ఏదీ రాదు. అది తరచూ స్పామ్‌లోనో ప్రమోషన్స్‌లోనో పడి ఉంటుంది.

చూసిన పక్షుల్ని నమోదు చేసుకునే ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో అరుదైన పక్షుల అలర్టులు కూడా ఉచితమే. మీ ప్రాంతం ఎంచుకుని, గంటకోసారి కాకుండా రోజుకోసారి పెట్టుకోండి. లేకపోతే వలస కాలంలో పెట్టె నిండిపోతుంది. ఒక్కో పక్షి పేరు పక్కన నిర్ధారణ అయిందా లేదా అని ఉంటుంది. అది చూడకుండా తెల్లవారుజామున కారేసుకుని పోతే పెట్రోలు దండగ. ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ గురించి ఉత్తరం వస్తే మాత్రం వదలకండి. 1998లో మొదలైంది, 2013 నుంచి ఏ దేశంలో ఉన్నా పాల్గొనొచ్చు. ఒకచోట కనీసం 15 నిమిషాలు పక్షుల్ని లెక్కపెట్టి నమోదు చేస్తే చాలు. దానికీ డబ్బు లేదు.

ఇక అసలు సంగతి. ఈ సంస్థల ఉత్తరాలు మూడు రకాలు: వార్తలు, ప్రభుత్వానికి విన్నపాలు, విరాళాల అభ్యర్థనలు. విన్నపం మీద సంతకం ఎవరు పెట్టొచ్చో అక్కడి నిబంధనల్లోనే ఉంటుంది, చూసుకోండి. మూడోరకం డిసెంబరులో ముంచెత్తుతుంది. "ఈ అర్ధరాత్రి లోపు ఇస్తే మీ విరాళం రెట్టింపు" అంటారు. గడువు మీకు కాదు, వాళ్ల ప్రచారానికి. మంచి పనికి ఇవ్వొద్దనడం లేదు, ఫారం చదివి ఇవ్వండని. "ప్రతినెలా" అన్న గడిలో ముందే టిక్కు ఉండొచ్చు, కింద ప్రాసెసింగ్ ఖర్చు కలిపే గడి ఇంకోటి ఉండొచ్చు. ఆ రెండూ తీసేశాకే నొక్కండి.

అభ్యర్థనలు విసుగెత్తితే అన్నీ ఆపేయకండి. ఉత్తరం అడుగున ప్రిఫరెన్సెస్ లింకు ఉంటే అక్కడ విరాళాలవి మాత్రమే తీసేయొచ్చు. పొడుగాటి ఉత్తరాల్ని జీమెయిల్ 102 కేబీ దగ్గర కత్తిరించేస్తుంది, లింకు ఆ కిందే ఉండిపోతుంది. "పూర్తి ఉత్తరం చూడండి" నొక్కితేనే దొరుకుతుంది. ఇంకోటి, అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కితే ఉత్తరాలు ఆగుతాయి గానీ నెలవారీ విరాళం ఆగదు. దాన్ని సంస్థకు రాసి విడిగా రద్దు చేయించి, తర్వాతి నెల కార్డు స్టేట్‌మెంట్ తీసి ఆ పేరు మళ్లీ ఉందేమో చూడండి.