నాన్నకి పెద్దపేగు క్యాన్సర్, రిపోర్టులో మిథైలేషన్ అని ఉంది. మాకూ వస్తుందా?

మీ నాన్నగారి రిపోర్టులో "ఎంఎల్‌హెచ్1 లేదు, మిథైలేషన్ ఉంది" అని రాశారనీ, మీకూ మీ చెల్లెలికీ కూడా వస్తుందేమోనని టెన్షన్‌గా ఉందనీ అడిగారు. రెండేళ్ల క్రితం అలాంటి కాగితమే పట్టుకుని నేనూ ఒక రాత్రంతా కూర్చున్నానండీ.

మాది అమలాపురం దగ్గర పల్లె. నాన్న కాలువ మీద లస్కరుగా చేసి రిటైరయ్యారు. 71వ ఏట గట్టు మీద సైకిలు తొక్కుతూ మధ్యలో దిగిపోయి, కొబ్బరిచెట్టుకి ఆనుకుని ఆయాసం తీర్చుకోవడం మొదలైంది. హిమోగ్లోబిన్ 7 ఉంది. దగ్గర్లో చూపిస్తే వయసన్నారు, మొలలన్నారు. నాలుగు నెలలు ఐరన్ బిళ్లలతోనే గడిచిపోయాయి. మలంలో ఎర్రగా ఎప్పుడూ కనపడలేదు. కుడివైపు పేగులో కణితి ఉంటే రక్తం కొద్దికొద్దిగా కారి, కిందికొచ్చేసరికి మలంలో కలిసిపోతుందట. ఆ నాలుగు నెలలు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. పెద్దవాళ్లకి కారణం తెలియకుండా రక్తం తగ్గితే కొలనోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయమని మీరే అడగండి, మొహమాటపడకండి.

ఆపరేషన్ కాకినాడలో అయింది. "ఎంఎల్‌హెచ్1 అనే జీన్ ఆఫ్ అయిపోయింది" అన్నారు డాక్టరుగారు. నాన్నకి నేను తూము లెక్కలో చెప్పాను. కాలువకి గండి పడితే చేలోకి నీళ్లు రావు. గండి లేకపోయినా, తూము తలుపు దించేస్తే రావు. జన్యువులో అక్షరమే మారిపోవడం గండి లాంటిది. అక్షరాలన్నీ సవ్యంగానే ఉండి, జన్యువు మొదట్లో మిథైల్ అనే చిన్న రసాయన గుర్తులు పేరుకుని దాని పని ఆగిపోతే, అది తలుపు దించేయడం. ఎంఎల్‌హెచ్1 చేసే పని, కణం రెండుగా చీలేటప్పుడు డీఎన్‌ఏ నకలులో దొర్లిన తప్పులు దిద్దడం. అది ఆగితే తప్పులు పోగుపడతాయి. రిపోర్టులో "ఎంఎస్ఐ హై" అని రాసేది దాన్నే.

"అయితే తలుపు ఎత్తేస్తే సరిపోదా?" అన్నారు నాన్న వెంటనే. ముప్ఫై ఏళ్లు తలుపులు ఎత్తి దించిన మనిషి కదా. అదే డాక్టరుగారిని అడిగాను. అజాసిటిడిన్, డెసిటబిన్ అని అలాంటి మందులు ఉన్నాయి, కొన్ని రక్తవ్యాధుల్లో వాడతారు. కానీ మనకి కావలసిన ఒక్క తూమునే కాదు, అన్ని తలుపులనీ కదిపేస్తాయి. పెద్దపేగు క్యాన్సర్‌లో వాటితో చెప్పుకోదగ్గ మేలు జరగలేదు.

ఇక మీ భయం సంగతి. ఎంఎల్‌హెచ్1 పుట్టుకతోనే చెడి ఉంటే దాన్ని లించ్ సిండ్రోమ్ అంటారు, అది పిల్లల్లో ఒక్కొక్కరికీ సగానికి సగం అవకాశంతో వస్తుంది. మిథైలేషన్ వల్ల ఆగితే మాత్రం చాలావరకు అది వయసు మీద పడ్డాక ఆ కణితిలో జరిగిన మార్పే, వంశంలోది కాదు. రిపోర్టులో "బీఆర్ఏఎఫ్ వి600ఈ" అని, కణితిలో ఇంకో జన్యువులో వచ్చే మార్పు, ఉందేమో చూడండి. ఉంటే లించ్ కాదని దాదాపు తేల్చేస్తారు. మా నాన్నకి ఉంది. ఆ పరీక్ష చేయకపోతే అడిగి చేయించండి, దాచి ఉంచిన కణితి ముక్క మీదే చేస్తారు. మీ ఇంట్లో ఇంకెవరికైనా చిన్నవయసులో పేగు క్యాన్సరో గర్భసంచి క్యాన్సరో వచ్చి ఉంటే, జెనెటిక్ కౌన్సెలింగ్‌కి తప్పక వెళ్లండి.

నాన్నది రెండో స్టేజీ. ఎంఎస్ఐ హై కాబట్టి కీమో అక్కర్లేదన్నారు. ఒకవేళ పాకి ఉన్నా, ఇలాంటి కణితులకి ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తినే కణితి మీదికి పంపే వైద్యం) బాగా పనిచేస్తుందట.

వంశంలోది కాదు కదా అని మీరు మాత్రం ఊరుకోవద్దు. తండ్రికి వచ్చింది కాబట్టి 40 దాటితే కొలనోస్కోపీ చేయించుకోవాలి. నేను 43లో చేయించుకున్నాను. ముందురోజు అన్నం మానేసి, పేగు శుభ్రపడే పొడి నీళ్లలో కలుపుకుని తాగాలి. వడకట్టిన కొబ్బరినీళ్లు తాగవచ్చన్నారు, మా పెరట్లోవే తాగాను. పరీక్షలో చిన్న పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే బుడిపె) కనిపిస్తే అప్పుడే తీసేశారు. తమ్ముడు ఇంకా వాయిదా వేస్తున్నాడు. సంక్రాంతికి ఊరొస్తాడు, పండగ మర్నాడే నేను తీసుకెళ్తాను.