ఏఎంసీ డబ్బులు కట్టించుకుని ఇప్పుడు పార్ట్ రావట్లేదంటే ఎలాగండి? వాక్యూమ్ క్లీనర్ మీద ఒక టీచర్ గారి డౌటు

పాలకొల్లు దగ్గర ఊరి నుంచి ఒక రిటైర్డ్ టీచర్ గారు రాసేరండి. ఉత్తరం నాలుగు పేజీలుంది, కుదించి ఇక్కడ పెడతాను. 2021 సంక్రాంతి ముందు ఒక సేల్స్ అబ్బాయి ఇంటికొచ్చి వాక్యూమ్ క్లీనర్ డెమో ఇచ్చేడు, పైపు మధ్యలో నల్లగుడ్డ బిగించి వాళ్ళ పరుపు మీద రెండు నిమిషాలు నడిపి ఆ గుడ్డ తీసి చూపిస్తే ముగ్గు చల్లినట్టు తెల్లగా దుమ్ము, ఇంట్లో మాస్టారికి ఆయాసం, ఇంక ఆలోచించకుండా 34,990 పెట్టి కొనేసేరు. "పదేళ్ళదాకా పైసా ఖర్చుండదు మేడమ్" అన్నాడట ఆ అబ్బాయి. వారంటీ రెండేళ్ళు. అది అయిపోయినకాడ్నుంచి ఖర్చులు మొదలు. ఫిల్టర్ సెట్లు రెండుసార్లకి 4,600, హోస్ పైపు మడత దగ్గర చీలిపోతే 3,200, టెక్నీషియన్ వచ్చినప్పుడల్లా విజిట్ చార్జి 450 చొప్పున మూడుసార్లు. 2024 డిసెంబరులో మళ్ళీ ఫిల్టర్ అడిగితే ఏఎంసీ (ముందే డబ్బు కట్టి తీసుకునే మెయింటెనెన్స్ కాంట్రాక్టు) ఉన్నవాళ్ళకే ఇస్తాం అన్నారు, సరే అని 10,500 కట్టి మూడేళ్ళకి కాంప్రహెన్సివ్ ఏఎంసీ తీసుకున్నారు. ఆర్నెల్లకే, 2025 జూన్ లో మెషిను ఆగిపోయింది. టెక్నీషియన్ వచ్చి ఈ మోడల్ ఆపేసేరండి, మోటర్ రావట్లేదు, పాతది ఇచ్చేస్తే కొత్తదాని మీద 6,000 తగ్గిస్తాం అన్నాడు. టీచర్ గారు అడిగేది ఏంటంటే, పదేళ్ళ మాట చెప్పి మోసం చేసినందుకు మొత్తం డబ్బు వెనక్కి వస్తుందా, ఏఎంసీ కట్టి తీరాలని రూలుందా, వీధిలో మిక్సీలు బాగుచేసే అబ్బాయి విప్పి చూస్తానంటున్నాడు విప్పించొచ్చా, బిల్లు వెనకాల ఏ తగాదా వచ్చినా ముంబై కోర్టులోనే అని ఉంది కాబట్టి అసలు మనం ఏమైనా చెయ్యగలమా అని.

టీచర్ గారండీ, ముందు మీ లెక్కే మీకు చూపిస్తాను, ఎందుకంటే మీరు విడివిడిగా రాసేరు గాని కూడినట్టు లేదు. ఫిల్టర్లు, పైపు, విజిట్ చార్జీలు, ఏఎంసీ అన్నీ కలిపితే 19,650 అయ్యింది. అంటే మెషిను ధరలో సగానికి పైనే నిర్వహణకి పెట్టేరు, మొత్తం 54,640 పెట్టి ఇవాళ చేతిలో ఉన్నది ఆగిపోయిన మెషిను. మీ కోపం న్యాయమైందే. కాకపోతే ఆ కోపాన్ని ఏ కాగితం మీద నిలబెడతాం అన్నది ముఖ్యం, అక్కడే చాలామంది కేసు పాడు చేసుకుంటున్నారు.

మీరు పదేళ్ళ మాట మీద కేసు వేద్దామంటున్నారు. వద్దండి. అది నోటిమాట, ఆ అబ్బాయి ఇప్పుడు ఆ కంపెనీలో ఉన్నాడో లేడో కూడా తెలీదు, పైగా వినియోగదారుల రక్షణ చట్టం 2019లో 69వ సెక్షన్ ప్రకారం కేసుకి కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్ళలోపు కంప్లైంట్ వెయ్యాలి. 2021లో కొన్నప్పటి మాటకి ఆ గడువు ఎప్పుడో దాటిపోయింది. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే వినియోగదారుల కమిషన్ మన్నించొచ్చు గాని, మధ్యలో కంపెనీకి ఫోన్లు చేసేం, మెయిళ్ళు పెట్టేం అన్నంత మాత్రాన గడువు పెరగదు, సుప్రీంకోర్టు ఈ సంగతి ఒకటికి పదిసార్లు చెప్పింది. ఆ మాటని కంప్లైంట్ లో నేపథ్యంగా రెండు లైన్లు రాయండి, దాని మీద ఆధారపడొద్దు.

మీ దగ్గరున్న గట్టి కాగితం 2024 డిసెంబరు ఏఎంసీ. మీరు మెషిను గురించే బాధపడుతున్నారు గాని నేను మీ ఉత్తరం చదవగానే దాని దగ్గరే ఆగేను. మెషిను పాతది, నాలుగేళ్ళు వాడేరు, దాని మీద వాదన బలహీనం. ఏఎంసీ అలా కాదు, అది విడిగా డబ్బు పుచ్చుకుని మూడేళ్ళు బాగుచేసి పెడతామని ఇచ్చిన మాట, చట్టం దృష్టిలో అదొక సర్వీసు. విడిభాగాలు ఎన్నేళ్ళపాటు సప్లై చెయ్యాలి అని మన దేశంలో కంపెనీల మీద గట్టి చట్టం ఇంకా లేదండి, 2022 డిసెంబరులో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ ఒకటి తెచ్చింది, అందులో కంపెనీలు తమ సర్వీసు వివరాలు పెడతాయి, అంతవరకే. కాబట్టి మామూలుగా అయితే మోడల్ ఆపేసేం అనే కంపెనీని మనం గట్టిగా పట్టుకోలేం. మీ విషయంలో మాత్రం పట్టుకోవచ్చు, ఎందుకంటే విడిభాగాలు ఇస్తామని మూడేళ్ళకి డబ్బు తీసుకున్నది వాళ్ళే, ఆర్నెల్లలో మోటర్ లేదన్నదీ వాళ్ళే. నిలబెట్టుకునే అవకాశం లేని వారంటీగానీ రిపేరు హామీగానీ జనానికి ఇవ్వడం ఆ 2019 వినియోగదారుల చట్టం 2(47) సెక్షన్ లో అనుచిత వ్యాపార పద్ధతి కింద వస్తుంది, కావాలని ముఖ్యమైన సమాచారం దాచిపెట్టడం 2(11) కింద సర్వీసు లోపం. ఈ మోడల్ విడిభాగాలు ఆపిన తేదీ ఏంటో రాతపూర్వకంగా చెప్పమని కంపెనీకి పంపే నోటీసులో అడగండి. ఆ తేదీ మీ ఏఎంసీకి ముందుదైతే మీ కేసు చాలా బలంగా ఉంటుంది, ఒకవేళ చెప్పకపోతే ఎందుకు చెప్పలేదని కమిషన్ ముందు మనమే అడగొచ్చు.

ఒక్కసారి ఆ ఏఎంసీ కాగితం తీసి చదవండి. కాంప్రహెన్సివ్ అని పైన పెద్దక్షరాల్లో ఉన్నా కింద చిన్నక్షరాల్లో ప్లాస్టిక్, రబ్బరు, ఫిల్టర్లు, బ్యాగులు కవర్ కావు అని ఉంటుంది, మోటర్ మాత్రం మామూలుగా కవర్ అవుతుంది. నాన్ కాంప్రహెన్సివ్ అయితే లేబరు ఒక్కటే, పార్టుల ఖర్చు మీదే. మీది మొదటి రకం అన్నారు కాబట్టి మోటర్ అన్న మాట అందులో ఉందేమో చూసుకోండి.

ఇంక ఏఎంసీ కట్టి తీరాలా అంటే, అక్కర్లేదండి, ఏ రూలూ లేదు. పైగా ఏఎంసీ కడితేనే ఫిల్టర్ అమ్ముతాం అన్నారు చూడండి, ఒక వస్తువు అమ్మడానికి ఇంకో సర్వీసు కొనమని షరతు పెట్టడం 2(41) కింద నిర్బంధ వ్యాపార పద్ధతి. మన గోదావరి జిల్లాల్లో ఇది చాలామందికి జరుగుతోంది, సర్వీస్ సెంటర్ విజయవాడలోనో వైజాగ్ లోనో ఉంటుంది, ఇక్కడ ఇంకో దారి లేదు కాబట్టి కట్టేస్తున్నారు. ఆ మాట మీకు ఫోన్లో చెప్పేరా వాట్సాప్ లో పెట్టేరా? వాట్సాప్ అయితే బంగారం, ఆ ఫోన్ మార్చకండి, చాట్ డిలీట్ చెయ్యకండి. ప్రింటు తీసి దానితోపాటు భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్ జత చేస్తే దాన్ని సాక్ష్యంగా తీసుకోవడానికి వీలుంటుంది, పాత చట్టంలో 65బి అనేవాళ్ళం, 2024 జులై 1 నుంచి ఇది వచ్చింది.

అన్నిటికన్నా విలువైంది టెక్నీషియన్ రాసిచ్చిన జాబ్ షీటు. మీరు పంపిన ఫోటోలో చూసేను, గులాబీ రంగు కార్బన్ కాపీ, కింద బాల్ పెన్నుతో మోటర్ నాట్ అవైలబుల్ అని అతని చేతిరాత, పక్కన సంతకం, తేదీ 18-6-2025. మీ కేసుకి ఆ ఒక్క లైను చాలు. మెషిను లోపలి లోపం నిరూపించాలంటే వినియోగదారుల చట్టం 38వ సెక్షన్ కింద ల్యాబుకి పంపించాలి, ఆ టెస్టు ఫీజు ముందు మీరే కట్టాలి, టైము పడుతుంది. సర్వీసు ఇవ్వలేదు అనడానికి ల్యాబుతో పని లేదు, వాళ్ళ మనిషే రాసిచ్చేడు కదా. ఆ తేదీ నుంచి లెక్కేసుకుంటే 2027 జూన్ మధ్యకి మీ రెండేళ్ళు పూర్తవుతాయి. అంతదాకా ఆగమని కాదు, ఇప్పుడే కదలండి.

మిక్సీ అబ్బాయి విషయం. అతను విప్పి చూస్తాననడంలో అర్థముంది, ఈ మోటర్లలో కార్బన్ బ్రష్షులని చిన్న ముక్కలు రెండుంటాయి, అవి అరిగిపోతే మోటర్ తిరగదు, మోటర్ మొత్తం కాలిపోయిందని మనం అనుకుంటాం. కాని ఇప్పుడే విప్పిస్తే, బయటి వాళ్ళు విప్పేరు కాబట్టి ఏఎంసీ చెల్లదు అని కంపెనీ ఆ షరతు తీసి చూపిస్తుంది, మీరు వాళ్ళ చేతికి ఆయుధం ఇచ్చినట్టవుతుంది. ముందు నోటీసు ఇవ్వండి, 15 రోజులు టైమివ్వండి, ఆ టైములో బాగు చెయ్యకపోతే బయట బాగుచేయించుకుని ఆ ఖర్చు మీ దగ్గరే వసూలు చేస్తాం అని అందులోనే రాయండి. అప్పుడు విప్పించండి, విప్పేటప్పుడు వీడియో తీయించండి, తీసిన పాత ముక్కలు కవర్లో పెట్టి దాచండి, అతని దగ్గర తేదీతో బిల్లు తీసుకోండి.

కంపెనీ ఇంకో మాట కూడా అంటుందని ముందే చెప్తున్నాను, కస్టమర్ సరిగ్గా వాడలేదు అంటారు. మీ ఇల్లు రైస్ మిల్లు రోడ్డులో అన్నారు, ఆ ఊక నుసి, బూడిద ఫిల్టర్ రంధ్రాల్లో దిగబడిపోతుంది, గాలి ఆడకపోతే మోటర్ వేడెక్కిపోతుంది. దానికి తోడు మన డెల్టాలో వానాకాలం చెమ్మ, కడిగిన ఫిల్టర్ పూర్తిగా ఆరకుండా పెట్టేస్తే దుమ్ము ముద్దకట్టేస్తుంది. కొన్ని ఫిల్టర్లు కడగొచ్చు, కొన్ని కడిగితే పాడైపోతాయి. మీ మాన్యువల్లో బూడిద, సిమెంటు దుమ్ము లాగకూడదని ఉందా, ఫిల్టర్ ఎలా శుభ్రం చెయ్యమని ఉంది, మీరు ఎలా చేసేరు, ఇవన్నీ మీ లాయరుకి ఉన్నదున్నట్టు చెప్పండి, దాచకండి. ఇంట్లో రిపేర్లప్పుడు సిమెంటు దుమ్ము లాగించి ఉంటే అదీ చెప్పండి. మాన్యువల్లో అలాంటి హెచ్చరిక లేకపోతే మాత్రం ఆ వాదన నిలబడదు, ఆర్నెల్ల క్రితమే చూసి ఏఎంసీ ఇచ్చింది వాళ్ళే కదా, అప్పుడు మెషిను బాగానే ఉన్నట్టేగా.

ముంబై కోర్టు లైను చూసి బెంగ పెట్టుకోకండి. వినియోగదారుల చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే చోటే మీ జిల్లా కమిషన్ లో కేసు వేసుకోవచ్చు, కొత్త చట్టం 2020 జులైలో అమల్లోకి వచ్చేక ఇది మనకి దొరికిన పెద్ద సదుపాయం. ఆర్బిట్రేషన్ (కోర్టు బయట మధ్యవర్తి దగ్గర తేల్చుకోవడం) అని రాసున్నా కూడా వినియోగదారుల కేసుకి అడ్డం కాదని 2018 డిసెంబరులో ఎమార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మీరు కట్టిన సొమ్ము 5 లక్షలలోపే కాబట్టి కమిషన్ ఫీజు కూడా లేదు. ఈ-జాగృతి పోర్టల్లో ఇంట్లోంచే వేసుకోవచ్చు, మాస్టార్ని వదిలి రాలేనన్నారు కదా, వీడియో కాన్ఫరెన్స్ లో వింటారా అని దరఖాస్తు పెట్టుకోవడానికి చట్టంలోనే వీలుంది. ఇంకో సంగతి, లాయరు ఫీజు ఎలాగ అని రాసేరు. 1987 లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షన్ కింద ఆడవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారండి, మీ దగ్గరి కోర్టులో మండల లీగల్ సర్వీసెస్ కమిటీని అడగండి, లేకపోతే 15100కి ఫోన్ చెయ్యండి. నా దగ్గరికొచ్చే పది మంది ఆడవాళ్ళలో తొమ్మిది మందికి ఈ సంగతి తెలీదు, అందుకే ప్రతిసారీ రాస్తున్నాను.

వరస ఎలాగంటే, ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి తెలుగులోనే కంప్లైంట్ చెప్పండి, డాకెట్ నంబర్ (కంప్లైంట్ నంబరు) రాసుకోండి, వాళ్ళు ఆర్డరు వెయ్యలేరు గాని కంపెనీతో మాట్లాడతారు, చాలాసార్లు అక్కడే తెగిపోతుంది. తెగకపోతే కంపెనీకీ, ఏఎంసీ రసీదు మీద ఎవరి పేరుందో ఆ సర్వీస్ ఫ్రాంచైజీకీ ఇద్దరికీ స్పీడ్ పోస్టులో నోటీసు. టెక్నీషియన్ని మాత్రం లాగకండి, జీతగాడు. తర్వాత కంప్లైంట్. కమిషన్ పంపే నోటీసు అందేక కంపెనీ 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, మహా అయితే ఇంకో 15 రోజులు, 45 రోజులు దాటితే తీసుకోకూడదని 2020 మార్చిలో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనమే చెప్పింది. చట్టంలో మూడు నెలల్లో తేల్చాలని ఉంటుంది, నిజంగా అంతకన్నా ఎక్కువే పడుతుంది, సిద్ధపడండి.

అడిగేది కూడా కొలతలో అడగండి. 34,990 మొత్తం, పైన 5 లక్షలు నష్టపరిహారం అని వేస్తే ఆశకి వేసేరు అనుకుంటారు. మోటర్ వేసి మెషిను నడిచేలా చెయ్యమనండి, చెయ్యలేకపోతే ఏఎంసీ 10,500 వడ్డీతో, ఏఎంసీ రోజుకి ఆ మెషినుకి ఉన్న విలువ, మానసిక వేదనకి సబబుగా ఒక మొత్తం, ఖర్చులు అడగండి. కమిషన్ కొంత తగ్గించొచ్చు, అయినా ఇది నిలబడే కోరిక.

ఇది చదివే మిగతావాళ్ళకి ఒక ముక్క, భీమవరంలో ఈమధ్య అందరూ వైరు లేనివి కొంటున్నారు. బ్యాటరీకి మెషినుకన్నా తక్కువ వారంటీ ఉండొచ్చు, బ్యాటరీ ఎప్పటికైనా అరిగిపోయేదే, కొత్తది ఎంతో, ఫిల్టర్, బ్రష్ రోలర్, బ్యాగులు ఒక్కోటి ఎంతో, విజిట్ చార్జి ఎంతో బిల్లు వెనకాల షాపు వాళ్ళ చేత రాయించుకుని స్టాంపు వేయించుకోండి. అలా రాసిచ్చిన కాగితం ఉండుంటే ఇవాళ టీచర్ గారికి ఇంత ఉత్తరం రాసే పని ఉండేది కాదు.

టీచర్ గారండీ, ఎక్స్ఛేంజ్ మాత్రం ఒప్పుకోకండి. వాళ్ళు 6,000 ఆశపెట్టి మెషిను పట్టుకుపోతే మీ సాక్ష్యం పోయినట్టే, ఆటోలో ఎక్కించేముందు ఫుల్ అండ్ ఫైనల్ అని ఉన్న కాగితం మీద సంతకం కూడా పెట్టించుకుంటారు. వస్తే మాట్లాడి పంపెయ్యండి, మెషిను గుమ్మం దాటకూడదు. ఇవాళే ఒక పని చెయ్యండి, ఏఎంసీ రసీదు ఏటీఎం చీటీలాంటి నున్నటి కాగితం మీద ఉందని ఫోటోలో కనపడింది, అప్పుడే 10,500లో సున్నాలు వెలిసిపోతున్నాయి. సాయంత్రంలోగా రెండు జిరాక్సులు తీయించి, ఒరిజినల్ ని ఎండ తగలని చోట పెట్టండి.