ఏజెంటు చదివే టూల్ వివరణ: కొత్తగా డాక్యుమెంటేషన్ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

కస్టమర్లతో మాట్లాడే మన ఏజెంటు (తనంతట తానే టూల్స్‌ని పిలిచి పనులు చేసే ఏఐ ప్రోగ్రామ్) కోసం నువ్వు రాసి పంపిన రీఫండ్ టూల్ వివరణ చూశాను. “చెల్లింపును రీఫండ్ చేస్తుంది” అని ఒక్క వాక్యం, కింద మూడు పారామీటర్లు: ఐడీ, అమౌంట్, రీజన్. మనిషికైతే ఇదీ చాలేమో. అర్థం కాకపోతే పక్క సీట్లో వాళ్లని అడుగుతాడు, లేదా కోడ్ తెరిచి చూసుకుంటాడు. ఏజెంటుకి సాధారణంగా ఆ వీలుండదు. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ విడుదల చేసిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్‌లో (ఏఐకి టూల్స్ అందించే ప్రామాణిక పద్ధతి) గానీ, మామూలు ఫంక్షన్ కాలింగ్‌లో (ఏఐ చేత టూల్‌ని పిలిపించే పద్ధతి) గానీ దాని చేతికి ప్రధానంగా అందేవి టూల్ పేరు, వివరణ, ఇన్‌పుట్ స్కీమా (ఏ విలువ ఏ రూపంలో ఇవ్వాలో చెప్పే నిర్వచనం). వాటిలో లేనిదాన్ని చాలాసార్లు ఊహించేసుకుని ముందుకెళ్లిపోతుంది.

ముందు అమౌంట్ సంగతి చూడు. చెల్లింపులు నడిపే రేజర్‌పే సంస్థ ఏపీఐ (మన ప్రోగ్రామ్ దానితో మాట్లాడే దారి) డబ్బును పైసల్లో తీసుకుంటుంది. నీ టూల్ ఆ విలువను ఉన్నదున్నట్టు దానికి పంపుతోంది, స్కీమాలో మాత్రం “నంబర్” అని రాసి ఊరుకున్నావు. 499 రూపాయలు వెనక్కివ్వమంటే ఏజెంటు 499 అని పంపుతుంది, కస్టమర్‌కి చేరేది 4 రూపాయల 99 పైసలు. ఎర్రర్ కూడా రాదు, అదీ అసలు ప్రమాదం. సక్సెస్ అనే జవాబు చూసి “మీ 499 రూపాయలు పంపేశాం” అని ఏజెంటు ధీమాగా చెప్పేస్తుంది. అందుకని పేరే ‘అమౌంట్_ఇన్_పైసా’ అని మార్చు. రకం ఇంటీజర్ (పూర్ణాంకం) చెయ్యి. వివరణలో “పైసల్లో ఇవ్వాలి. 499 రూపాయలకు 49900” అని ఉదాహరణతో సహా రాయి.

ఐడీ కూడా అంతే. ఆర్డర్ ఐడీయా, పేమెంట్ ఐడీయా? ‘పే_’తో మొదలవ్వాలని స్కీమాలో ప్యాటర్న్ పెట్టు, అది ఏ టూల్ జవాబులో దొరుకుతుందో కూడా చెప్పు. లేకపోతే చాట్‌లో కనిపించిన ఆర్డర్ నంబర్‌నే తెచ్చి అందులో పెట్టేస్తుంది. రీజన్‌కి ఈనమ్ (అనుమతించిన విలువల జాబితా) ఇచ్చి నాలుగైదు విలువలకు కట్టడి చేస్తే సరిపోతుంది.

ఇక వివరణ. నేనైతే ఇలా రాస్తాను:

“పూర్తయిన చెల్లింపులో కొంత గానీ మొత్తం గానీ కస్టమర్‌కి తిరిగి పంపుతుంది. ఇది నిజమైన డబ్బు, పంపాక రద్దు చేయడం కుదరదు. చెల్లింపు స్థితి ‘క్యాప్చర్డ్’ అయితేనే వాడాలి. ఇంతకుముందు చేసిన రీఫండ్ ఎక్కడిదాకా వచ్చిందో తెలుసుకోవడానికి ఇది వాడకూడదు, ‘గెట్_రీఫండ్_స్టేటస్’ వాడాలి. జవాబులో ‘పెండింగ్’ అని వస్తే రీఫండ్ నడుస్తోందని అర్థం, మళ్లీ పిలవకూడదు.”

ఎప్పుడు వాడకూడదో చెప్పే వాక్యాలే ఇందులో ముఖ్యం. చాలామంది రాయనివీ అవే. “డబ్బులు ఇంకా వెనక్కి రాలేదండీ” అని కస్టమర్ అంటే అది స్టేటస్ అడగడం. నీ పాత వివరణ చదివిన ఏజెంటు ఇంకో రీఫండ్ కొట్టే అవకాశం ఉంది.

టైమౌట్ (గడువులోగా జవాబు రాకపోవడం) గురించి విడిగా రాయాలి. జవాబు రాలేదంటే పని జరగలేదని కాదు. ఏజెంటుకి అది తెలియక మళ్లీ పిలుస్తుంది. మొత్తం డబ్బు రీఫండ్ అయితే రెండోదాన్ని గేట్‌వే, అంటే రేజర్‌పే, తిప్పికొడుతుంది. 1,200 రూపాయల చెల్లింపులో 499 రూపాయల పాక్షిక రీఫండ్ అయితే మాత్రం రెండోసారీ వెళ్లిపోతుంది. కాబట్టి ఐడెంపొటెన్సీ కీ (ఒకే అభ్యర్థన రెండుసార్లు వచ్చినా పని ఒక్కసారే జరిగేలా చూసే గుర్తు) తప్పనిసరి చేయించు, “మళ్లీ ప్రయత్నిస్తే పాత కీనే పంపాలి” అని రాయి. అయితే డాక్యుమెంటేషన్ కాపలా కాయదు. డిస్ట్రక్టివ్ హింట్ (ఈ టూల్ నష్టం చేసే మార్పులు చేయొచ్చని చెప్పేది) లాంటి గుర్తులు పేరుకు తగ్గట్టే సూచనలు మాత్రమే. 5,000 రూపాయలు దాటితే మనిషి అనుమతి కావాలనుకుంటే ఆ అడ్డు కోడ్‌లోనే ఉండాలి, డెవలపర్ల వెంటపడి పెట్టించు.

ఎర్రర్ మెసేజ్‌లు కూడా నీ పనే, ఎవరూ చెప్పకపోయినా. “400, చెల్లని అభ్యర్థన” అని వస్తే ఏజెంటు అదే కాల్‌ని అటూఇటూ మార్చి నాలుగుసార్లు కొడుతుంది. “అమౌంట్ 49900 ఇచ్చారు, ఈ చెల్లింపులో మిగిలింది 20000 పైసలే. అంతకు మించకుండా ఇవ్వండి” అంటే రెండోసారికి దారిలో పడుతుంది.

అలాగని చాటభారతం రాయకు. టూల్స్ అన్నీ కలిపి లోడయ్యే చోట ప్రతి వివరణా ఏజెంటు కాంటెక్స్ట్‌లో (అది ఒకేసారి చదివి గుర్తుంచుకోగల పరిధిలో) చోటు తింటుంది. కంపెనీ గొప్పలు, వెర్షన్ చరిత్ర, ‘సులభంగా’, ‘శక్తిమంతమైన’ లాంటి మాటలు తీసెయ్. తేదీల దగ్గర మాత్రం పిసినారితనం వద్దు: టైమ్‌జోన్‌తో సహా అడుగు. మన దగ్గర 5వ తేదీ తెల్లవారుజామున 2 గంటలైతే యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) ఇంకా 4వ తేదీ రాత్రి 8:30. ‘నిన్నటి ఆర్డర్’ తప్పేది అక్కడే.

మార్పులయ్యాక కస్టమర్లు నిజంగా మాట్లాడే తీరులో పది అభ్యర్థనలు రాసి, నిజం డబ్బు కదలని టెస్ట్ మోడ్‌లో ఏజెంటుకి ఇవ్వు. వాటిలో మూడైనా ఈ టూల్‌ని అసలు పిలవకూడనివి ఉండాలి. లాగ్‌లు నాకు పంపు. కస్టమర్‌కి అది చెప్పిన తియ్యటి మాటలు నాకక్కర్లేదు, ఏ టూల్‌ని ఏ విలువలతో ఎన్నిసార్లు పిలిచిందో అది చాలు.

ఉంటాను,
అన్న