పెట్ స్కాన్‌కి పాత ఎంఆర్ఐ ఎందుకు?

హైదరాబాద్‌లో మీ నాన్నగారికి మెదడు పెట్ స్కాన్ (ఒంట్లోకి ఎక్కించిన రేడియోధార్మిక మందు ఎక్కడెంత చేరిందో చూపే బొమ్మ) తీస్తూ ఎంఆర్ఐ సీడీ కూడా అడిగారన్నారు. టెన్షన్ పడకండి. పోల్చి చూడటానికే కాదు, బొమ్మను మెరుగుపరచడానికీ అది పనికొస్తుంది.

మామూలు పెట్ స్కాన్ 4-5 మిల్లీమీటర్లకన్నా చిన్న వివరాన్ని విడదీయలేదు. మెదడు పైపొర మందమేమో 2 నుంచి 4 మిల్లీమీటర్లే! అందుకే ఆ పైపొరలోని బూడిద పదార్థం (నాడీకణాలుండే భాగం) వెలుగు, అంటే మందు చేరిన గుర్తు, తడి కాగితం మీద సిరాలా, పక్కనున్న తెల్ల పదార్థం (నాడీతంతువులుండే భాగం) లోకి పాకినట్టు కనిపిస్తుంది. ఎంఆర్ఐలో ఆ రెండిటి సరిహద్దు స్పష్టం. ముగ్గు గీత దాటకుండా రంగు నింపినట్టు, కంప్యూటర్ పెట్ బొమ్మలో ఒకే కణజాలంలోని పక్కపక్క చుక్కల విలువలనే దగ్గరకు తెస్తుంది. 2004లో బౌషర్ అనే పరిశోధకుడి బృందం చూపిన పద్ధతి ఇలాంటిదే.

అయితే తల కదిలి రెండు బొమ్మలూ సరిగ్గా పొసగకపోతే తప్పుడు అంచులొస్తాయి. ఎంఆర్ఐలో కనబడని చిన్న గడ్డ మసకబారొచ్చు కూడా. మామూలు పెట్ బొమ్మనూ పక్కన పెట్టుకుని చూడాల్సిందే.